పొలం గట్టున ఉచ్చు కనిపిస్తే ఏం చేయాలి?

వానాకాలం పెసర, పత్తి మొలకెత్తే రోజుల్లో మాగనూరు, కృష్ణా, మక్తల్ మండలాల చేలల్లోకి కృష్ణజింకలు మందలుగా దిగుతాయి. అటు అమ్రాబాద్, దేవరకొండ దిక్కు ఎండాకాలమొస్తే దుప్పులు నీళ్ల కోసం అడవి దాటుతాయి. వాటి వెనకాలే ఉచ్చులూ వస్తాయి. పొద్దున్నే చేను చూసుకోను పోయిన రైతుకో, గొర్లు కాసే వాళ్లకో ముందుగా కంటపడేది ఇవే.

కనపడగానే ఆగండి. కంచె సందులో, జంతువులు నడిచే బాటలో బండి క్లచ్ వైరుతో వేసిన ఉరి అయితే మనకు ప్రాణభయం లేదు. మోకాలెత్తున కట్టెల మీద సన్న తీగ వరసగా లాగి ఉంటే మాత్రం అందులో కరెంటు ఉందనే అనుకోవాలి. బోరు మోటారు దగ్గర్నుంచో, పైన పోయే లైనుకు కొక్కెం తగిలించో ఇస్తారు. అడగబోతే ‘పందుల కోసం పెట్టినం’ అంటారు. ఆ తీగకు పంది, జింక, మనిషి అని తేడా లేదు. రాత్రి నీళ్లు పెట్టను పోయి దాని మీద పడ్డ రైతులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. తడి నేల మీద దగ్గరికి పోవద్దు. లైన్‌మన్‌కు గానీ కరెంటు ఆఫీసు నంబరు 1912కు గానీ ఫోన్ చేసి సరఫరా ఆపించాకే మిగతా సంగతి.

తర్వాత ఫొటోలు. ఉచ్చు ఒక్కటే కాకుండా పక్కనున్న చెట్టో, స్తంభమో కూడా పడేలా తీయండి. టైము, సర్వే నంబరు రాసి పెట్టుకోండి. కోపంతో దాన్ని పీకి పారేస్తే కేసుకు ఆధారం పోతుంది. ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఉచ్చు వేసినవాడూ అందులోనే ఉంటాడు. నేరుగా అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. ఆయన నంబరు లేకపోతే పోలీసులకు, 100కు చేయండి. పేరు బయటపెట్టొద్దని ముందే అడగండి. కేసు తేలి జరిమానా పడితే, పట్టించడంలో సాయం చేసిన వాళ్లకు అందులో సగం దాకా బహుమతిగా ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఈ మాట ఊళ్లలో చాలామందికి తెలియదు.

జింక ప్రాణంతో చిక్కి ఉంటే దాని చుట్టూ మూగకండి. దెబ్బ కంటే బెదురే దాన్ని ముందు చంపుతుంది. కుక్కల్ని తోలేయండి, కళ్ల మీద తువ్వాలు కప్పండి, నోట్లో నీళ్లు పోయకండి. చచ్చిపోయి ఉంటే ముట్టుకోకండి, అది ప్రభుత్వ ఆస్తి. అలాంటిది ఎట్లాగైనా మీ చేతికొస్తే 48 గంటల్లోపు పోలీసు స్టేషన్‌లోనో అటవీ అధికారికో చెప్పాలి.

అసలు చిక్కు వేటగాడితో కాదు, ‘ఒక కిలో మాంసం తీసుకో అన్నా’ అనే మాటతో వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటంటే చంపడమొక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల వేయడం, తరమడం, ఎర వేయడం, ప్రయత్నించి విఫలమవడం కూడా వేటే. మాంసం దగ్గరుంటే, అది సక్రమంగా వచ్చిందని మనమే రుజువు చేసుకోవాలి. ముక్కలు కోసినా దాగదు, డీఎన్‌ఏ పరీక్షతో ఏ జంతువో తేలుస్తారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో దానికి ప్రత్యేకంగా ల్యాబే ఉంది.

కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, పైన 25 వేలకు తగ్గని జరిమానా. అభయారణ్యం లోపల వేటాడింది దుప్పి అయినా అంతే. మిగతా ఉల్లంఘనలకు 3 ఏళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. ఈ మొత్తాలు 2022 సవరణతో పెరిగాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వేటాడి రెండోసారి దోషిగా తేలితే జైలు 7 ఏళ్లకు తగ్గదు. మాంసం తెచ్చిన బండి కూడా సర్కారుదైపోతుంది. చాలా ఇళ్లల్లో ఆ బండి మీద ఇంకా కిస్తీలు నడుస్తుంటాయి.

పంట పోయిన రైతు గోడు నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. మొలక మొత్తం మేసిపోతే మళ్లీ విత్తనం కొనేది అతనే. అయినా పంట తిన్నదని కృష్ణజింకను చంపడానికి అనుమతి దొరకదు. రెండో షెడ్యూల్, అంటే దాని తర్వాతి జాబితాలోని జంతువులు పంట పాడు చేస్తే మాత్రం, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతించవచ్చు. సొంతంగా తీగ పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. నష్టపరిహారం కోసం అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో అర్జీ పెట్టండి. పాస్‌బుక్ నకలు, పాడైన చేను ఫొటోలు జత చేసి, అర్జీ అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వాళ్లొచ్చి చూసేదాకా చేను దున్నకండి.