సాంబారు ఒలికిందా? పేస్టు కాదు, 20 నిమిషాల నీళ్లు

ఒళ్లు కాలితే కావలసినవి చల్లని నీళ్లు, కత్తెర, ఉతికిన పాత నూలు పంచె, గడియారం. పసుపు, కాఫీపొడి, సిరా, దోసెల పిండి గాయానికి పూయొద్దు, ఉన్నచోటే ఉండనివ్వండి.

దేంతో కాలిందో చూడండి. పిల్లలకు ఎక్కువగా మరిగే పాలు, సాంబారు, హీటర్ పెట్టిన బకెట్టు. వాళ్ల చర్మం పలచన, అదే సాంబారు పెద్దవాళ్లకన్నా లోతుగా కాలుస్తుంది. పెద్దలకు మంట, నూనె, కుక్కర్ ఆవిరి, బండి సైలెన్సర్. కరెంటైతే మెయిన్ ఆపేదాకా ఆ మనిషిని ముట్టుకోవద్దు. పైన చిన్న మచ్చే ఉన్నా లోపల కండ కాలి ఉండొచ్చు, గుండె లయ తప్పొచ్చు, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పొడి సున్నం పడితే ముందు దులిపి, తర్వాతే కడగండి.

బట్టలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి. చర్మానికి అంటుకున్న గుడ్డను లాగొద్దు, చుట్టూ కత్తిరించండి.

ఇక నీళ్లు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రెండు చెంబులు పోస్తారు, పిల్లాడి ఏడుపు తగ్గుతుంది, ఆపేస్తారు. పైన చల్లబడినా లోపల వేడి ఇంకా ఉంటుంది. గడియారం చూసి 20 నిమిషాలు పోయాలి. ఆలస్యమైనా, 3 గంటల లోపు పోస్తే మేలే.

బెజవాడలో మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు కుళాయిలో కాగిపోయి వస్తాయి. కాలిన చోట అవి పోస్తే ఇంకేముంది! ముందు మీ ముంజేతి మీద పోసుకు చూడండి. వేడిగా ఉంటే బిందెలో నీళ్లు చెంబుతో ధారగా పోయండి. బేసిన్‌లో ముంచొద్దు, ఆ నీళ్లు కాసేపటికే వేడెక్కుతాయి. ఐసు అసలే వద్దు: రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా లోతవుతుంది. కాలిన చోటే తడపండి, మిగతా ఒళ్లు పొడి తువ్వాలుతో కప్పి ఫ్యాను ఆపండి. పిల్లాడు వణికితే నీళ్లు ఆపేయండి.

తర్వాత పంచె గుడ్డ వదులుగా కప్పండి. బొబ్బలు చిదమొద్దు. ఆయింట్‌మెంటు పూసి తీసుకెళ్తే, లోతు చూడ్డానికి డాక్టరు దాన్ని తుడవాలి. ఆ నొప్పి పిల్లాడికే.

కాలినవాళ్ల అరచెయ్యి, వేళ్లతో కలిపి, వాళ్ల ఒంట్లో సుమారు 1 శాతం. పిల్లలకు అంతకన్నా పెద్ద గాయమైనా, ఎవరికైనా ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మీద కాలినా ఆస్పత్రికి వెళ్లండి. పెద్ద గాయమైతే ఒకరు నీళ్లు పోస్తుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. తెల్లగా పాలిపోయి నొప్పి తెలియకపోతే సంబరపడొద్దు, నరాలూ కాలాయన్నమాట. ఎప్పుడు కాలింది, ఎంతసేపు నీళ్లు పోశారు, టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) ఎప్పుడు వేయించారు, ఈ మూడూ డాక్టరుకు చెప్పండి.