ఇంట్లో డయాలసిస్: ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎలా ఎంచుకోవాలి?

కనిగిరి, పామూరు వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి, వారానికి మూడుసార్లు ఒంగోలుకో నెల్లూరుకో పోయి, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండి వచ్చేవాళ్లకు ఇంట్లో డయాలసిస్ పెద్ద ఊరట. కానీ ఎక్కువమంది ముందు ధర అడుగుతున్నారు. ధర చివర్న అడగాలి.

మొదట కిడ్నీ డాక్టరును కలవండి. పొట్టకు ఆపరేషన్లు అయ్యుంటే, హెర్నియా ఉంటే దాచకుండా చెప్పండి.

తర్వాత నీళ్ల సంగతి. ఇంట్లో రక్తం డయాలసిస్, అంటే ఆస్పత్రిలోలాగా మిషన్‌తో రక్తం శుద్ధి చేయాలంటే నాలుగు గంటల విడతకు 120 లీటర్ల దాకా బాగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఫ్లోరైడ్ బోర్లున్న ఊళ్లలో, తాగడానికి పెట్టుకున్న ఫిల్టరు దీనికి పనికిరాదు. మన పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఇంట్లో రక్తం డయాలసిస్ జోలికి పోకండి.

ఇక పొట్ట డయాలసిస్, అంటే పొట్టలో వేసిన గొట్టం ద్వారా బ్యాగులోని మందునీళ్లు లోపలికి పంపి, కొన్ని గంటలకు బయటికి తీసేయడం. ఇందులో రెండు రకాలు: రోజుకు మూడు నాలుగుసార్లు చేత్తో బ్యాగు మార్చే సీఏపీడీ, రాత్రంతా మిషన్ చేసే ఏపీడీ. ముందు చేత్తోనే మొదలుపెట్టాలి. బ్యాగు గోడ మేకుకు తగిలిస్తే మందునీళ్లు వాటంతటవే దిగుతాయి, కరెంటు పోయినా ఆగదు. మిషన్‌తో మొదలుపెట్టినవాళ్లు అది మొరాయించిన రాత్రి దిక్కులు చూస్తారు.

అందరూ తప్పుచేసేది ఇక్కడే: బ్యాగు ఎవరు మారుస్తారు? "కోడలు చూసుకుంటుందిలే" అని ఇంటి పెద్దలు తేల్చేస్తారు, ఆ అమ్మాయిని ఒక్కమాట అడగరు. రోగికి చూపు, చేతులు బాగుంటే రోగే నేర్చుకోవాలి. లేదంటే ఇష్టపడి ముందుకొచ్చిన మనిషి కావాలి, ఊరికెళ్తే చేయడానికి ఇంకొకరు కావాలి.

పొట్టలో గొట్టం వేయించకముందే నర్సు దగ్గర కూర్చుని, బ్యాగు మార్చబోయే మనిషి చేతులు గమనించండి. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్నాక మళ్లీ ఫోను ముట్టుకుంటున్నారా? మూత తీశాక గొట్టం కొన వేలికి గానీ చీర కొంగుకు గానీ తగులుతోందా? కొత్త బ్యాగు కొన తగిలితే ఆ బ్యాగు పారేయాలి. పొట్ట గొట్టం కొన తగిలితే క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) వేసి, ఏమీ కలపకుండా వెంటనే నర్సుకు ఫోను చేయాలి. "ఏం కాదులే" అని తుడిచి కలిపేసేవాళ్లకు ఈ పని అప్పగించకండి. పొట్టలో ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు దాన్నుంచే వస్తుంది, ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. పొట్టలోంచి బయటికొచ్చిన నీళ్ల బ్యాగు కింద పేపరు పెట్టి చూడండి. అక్షరాలు కనపడనంత మసకగా ఉంటే, కడుపు నొప్పి లేకపోయినా ఆ బ్యాగు తీసుకుని అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.

గదికి తలుపు, కడగడానికి వీలైన గచ్చు ఉంటే చాలు. ఏసీ అక్కర్లేదు. రోజుకు మూడు చొప్పున నెలకు 90 బ్యాగులు, వాటికి ఎండ తగలని, ఎలుకలు రాని చోటు చూసుకోండి. ఇప్పుడు ధర అడగండి. ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వస్తుందో, బ్యాగులు మీ ఊరిదాకా ఎవరు తెచ్చిస్తారో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే తేల్చుకోండి.