బర్మింగ్‌హామ్ పెరట్లో అరటి

మాది రావులపాలెం దగ్గర అరటి తోటల ఊరు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇల్లు కొన్నాక పెరట్లో ఒక్క అరటైనా ఉండాలనిపించింది. మన చక్కెరకేళి ఇక్కడి చలికి ఆగదు. ఆగేది మూసా బస్జూ అనే రకం. జపాన్ అరటి అంటారు గానీ పుట్టిల్లు చైనా. కాయ వేసినా తినలేం, లోపలంతా గింజలే. ఆకుల అందం కోసమే పెంచుకోవాలి. నర్సరీల్లో ఎన్సెటే అనే, అరటిలాంటి ఎర్రాకుల మొక్క కూడా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ మంచు పడితే పోతుంది, ఏటా తవ్వి ఇంట్లోకి తెచ్చుకోవాలి, పైగా మామూలుగా పిలకలు పెట్టదు. కొత్తవాళ్లు బస్జూతోనే మొదలుపెట్టండి.

రాత్రి మంచు భయం పోయాక, అంటే మే చివర్లో నాటండి. ఎండ పడాలి, గాలి కొట్టకూడదు. గాలికి ఆకు పీలికలైపోతుంది. మాది దక్షిణం వైపు గోడ పక్కన ఉంది. గోతిలో బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. జూన్ నుంచి ఆగస్టు దాకా వారానికోసారి నత్రజని ఎక్కువున్న ఎరువు నీళ్లలో కలిపి పోయండి. ఎండ రోజుల్లో నీళ్లకు లోటు చేయొద్దు.

అసలు కష్టమంతా చలికాలంలోనే. మొదటి ఏడాది నేను బోదెకు ప్లాస్టిక్ షీటు బిగించి చుట్టేశాను. మార్చిలో విప్పితే కుళ్లు కంపు. నొక్కితే వేలు లోపలికి దిగింది, నీళ్లు కారాయి. చలిని తట్టుకున్న బోదె తడికి పోయింది. దుంప బతికి ఉండబట్టి కింద నుంచి పిలకలొచ్చాయి.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. తొలి మంచుకు ఆకులు నల్లబడగానే కోసేసి, బోదెను 4 అడుగులు ఉంచుతాను. చుట్టూ జానెడు ఖాళీ వదిలి కోళ్ల గూటికి వాడే ఇనప వల నిలబెట్టి, మధ్యలో ఎండుగడ్డి వదులుగా నింపుతాను. వాన లోపలికి దిగకుండా పైన రేకు ముక్క పెడతాను. పక్కలు మాత్రం మూయను, గాలి ఆడాలి. బోదె అడుగున, దుంప మీద అడుగు మందాన రాలిన ఆకులు పోస్తాను.

ఏప్రిల్ మధ్యలో విప్పుతాను. పైభాగం మెత్తబడి ఉంటే కంగారు పడొద్దు. పదునైన కత్తితో రెండేసి అంగుళాలు కోసుకుంటూ కిందికి రండి. గోధుమ రంగు దొప్పలు పోయి, తెల్లగా గట్టిగా నీరు ఊరే చోట ఆపేయండి. వెచ్చటి రోజులు వస్తే కోసిన చోట నడిమధ్య నుంచి లేతాకుపచ్చ చుట్ట పైకి తోసుకొస్తుంది. ఊళ్లో నాన్న పిలకలు నరికితే మర్నాటికే మధ్యలోంచి లేచేవి, అచ్చం అలాగే.

పిలకలు మోకాలెత్తు వచ్చాక, జూన్‌లో, వేళ్లతో సహా పారతో విడదీయండి. వినాయక చవితికి మండపానికి కట్టే రెండు పిలకలూ మా పెరట్లోవే. ఆకు మన అరటాకు కన్నా పలచన, కోసిన వెంటనే వడ్డించుకోవాలి.