ఫ్యూయల్ సెల్ బండి నుంచి కరెంటు తీసి బోరు మోటారు, వెల్డింగు, కోత మిషన్లు నడపాలంటే ఎలా?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత బరంపురం, పర్లాకిమిడి వైపు కరెంటు లేక పడ్డ కష్టం ఇక్కడి వాళ్ళెవరికీ మరుపు రాదు. బోర్లో నీళ్ళున్నాయి, పైకి తోడే దారి లేదు. దారికడ్డంగా చెట్లు పడున్నాయి, రంపం తిప్పడానికి కరెంటు లేదు. జనరేటరు ఉన్నవాళ్ళు డీజిల్ కోసం బంకు దగ్గర లైను కట్టారు. అందుకే ఈ ఫ్యూయల్ సెల్ బండ్ల గురించి, అంటే హైడ్రోజన్‌తో లోపలే కరెంటు తయారు చేసుకుని నడిచే బండ్ల గురించి నేను అంత ఆసక్తిగా చదువుతుంటాను, ఎందుకంటే అవి రోడ్డు మీద తిరిగే కరెంటు మిషన్లే. హైడ్రోజన్ వాహనాల ట్రయల్‌కి కేంద్రం 2025లో ఇచ్చిన రూట్లలో భువనేశ్వర్–కోణార్క్–పూరీ ఒకటి, విశాఖ–బయ్యవరం ఒకటి, మనం సరిగ్గా ఆ రెండింటి మధ్యలో ఉన్నాం. బండి వచ్చాక నేర్చుకుందాంలే అనుకోకుండా ఇప్పుడే తెలుసుకుంటే మంచిది. కరెంటు బయటికిచ్చే మామూలు బ్యాటరీ కారుకి కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

ముందుగా బండి బయటికి ఎంత ఇవ్వగలదో చూడండి. లోపల మోటారు వంద కిలోవాట్లది కావచ్చు, బయటికిచ్చేది అందులో కొంచెమే. జపాన్లో టొయోటా వాళ్ళ హైడ్రోజన్ కారు మిరాయ్‌కి లోపలున్న సాకెట్ 1500 వాట్లే ఇస్తుంది, బయట విడిగా పవర్ సప్లై బాక్సు తగిలిస్తే 9 కిలోవాట్ల దాకా వస్తుంది. అదే కంపెనీ సోరా బస్సు కూడా 9 కిలోవాట్లే ఇస్తుంది, కాకపోతే మొత్తం 235 యూనిట్లు ఇవ్వగలదు. ఇంకోటి, జపాన్లో సాకెట్ 100 వోల్టులు, మన మిషన్లకి 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కావాలి, బండి సాకెట్ లేదా బాక్సు ప్లేటు మీద ఇది చూడకుండా ఏదీ తగిలించొద్దు. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్ళు కనిపిస్తాయి, వాటిలో వందల వోల్టుల డీసీ ఉంటుంది, అక్కడ నుంచి తీగ లాగే ఆలోచనే వద్దు.

తర్వాత లోడు లెక్క, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 1.5 హెచ్‌పీ బోరు మోటారు నడుస్తున్నప్పుడు దగ్గర దగ్గర 10 ఆంపియర్లు తీసుకుంటుంది, కానీ స్టార్టు అయ్యే క్షణంలో 40, 50 దాకా లాగుతుంది. అంటే 9 కిలోవాట్ల బాక్సు కూడా ట్రిప్ అవ్వొచ్చు, 1500 వాట్ల సాకెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా ఫ్యూయల్ సెల్ అడగ్గానే ఇచ్చే రకం కాదు, కంప్రెసరు గాలి తోయాలి, అది హైడ్రోజన్‌తో కలవాలి, అప్పుడు గానీ కరెంటు పెరగదు. ఆ కాస్త సేపూ బండిలోని చిన్న బ్యాటరీయే మోస్తుంది. కాబట్టి బ్యాటరీ ఛార్జి చూసుకుని, పెద్ద మోటారు ఒక్కదాన్నే ముందు స్టార్టు చేసి, అది నిలకడ అయ్యాక మిగతావి ఒక్కోటీ వెయ్యండి. మెల్లగా స్పీడు పెంచే వీఎఫ్‌డీ డ్రైవు ఉన్న పంపు అయితే ఈ తిప్పలే ఉండవు, నన్నడిగితే దాని మీద డబ్బులు పెట్టడమే న్యాయం. చిన్న ఇన్వర్టర్ వెల్డింగు మిషను 100 ఆంపియర్ల మీద పెడితే సుమారు 3 కిలోవాట్లు, నాలుగంగుళాల గ్రైండరు ఒక కిలోవాటు లోపే.

కేబుల్లో పిసినారితనం వద్దు. బండి నుంచి బోరుకి 50 మీటర్లు ఉందనుకోండి, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగలో మోటారు నడిచేటప్పుడు 9 వోల్టులు పోతాయి, ఫర్వాలేదు, కానీ స్టార్టింగులో 40 వోల్టులు పోతాయి, మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే పాతికకి తగ్గుతుంది. డ్రమ్ముకి చుట్టిన కేబుల్ అయితే మొత్తం విప్పేయండి, చుట్టలో వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోతుంది.

బండిని షెడ్డు కింద, రేకుల కింద పెట్టొద్దు. హైడ్రోజన్ గాలి కంటే 14 రెట్లు తేలిక, లీకైతే పైకెళ్ళి కప్పు కింద పోగవుతుంది, వాసన రాదు, మండినా పగటిపూట మంట కనపడదు, గాలిలో 4 శాతం కలిస్తే చాలు అంటుకుంటుంది. ఆరుబయట పెడితే పైకి పోయి కలిసిపోతుంది. వెల్డింగు, గ్రైండరు రవ్వలకి కనీసం పది మీటర్ల దూరం. వెల్డింగు ఎర్త్ క్లిప్పు ఎప్పుడూ పని చేసే ఇనుముకే, బండి బాడీకి తగిలిస్తే లోపలి ఎలక్ట్రానిక్స్ పోతాయి. ఇంకా, కిలో హైడ్రోజన్ వాడితే 9 లీటర్ల నీళ్ళు తయారవుతాయి, కొంత ఆవిరి, కొంత కిందే కారుతుంది, కాబట్టి జాయింటు బాక్సు ఆ తడిలో పడకుండా ఇటుకల మీద పెట్టండి.

ఎర్తింగు దగ్గర తొందరపడొద్దు. బండి టైర్ల మీద ఉంటుంది, దానికీ నేలకీ సంబంధం లేదు. ఎర్తు కడ్డీ పాతాలా, న్యూట్రల్‌ని కలపాలా అన్నది ఆ బాక్సు మాన్యువల్ ఏం చెప్తే అదే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కోసేసే స్విచ్చి) పెట్టండి, కానీ టెస్టు బటన్ నొక్కితే ట్రిప్ అయ్యింది కాబట్టి ఎర్తింగు బాగున్నట్టే అనుకోకండి, ఆ బటన్‌కి ఎర్తుతో పనే లేదు.

ఇక ఇంటి వైరింగులోకి కరెంటు ఇవ్వాలంటే చేంజోవరు స్విచ్చి (వీధి లైనుని పూర్తిగా విడదీశాకే బండి కరెంటుని ఇంటికి కలిపేది) లేకుండా ఇవ్వకండి, దండం పెట్టి చెప్తున్నా. ఆ తుఫాను రోజుల్లో మా వీధిలో ఒకాయన రెండు వైపులా ప్లగ్గున్న తీగ చేసి జనరేటరు నుంచి ఇంటి సాకెట్లో దూర్చాడు. అది మీటరు దాటి వీధి లైనులోకి వెళ్ళింది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ చెయ్యి పెట్టే ముందు టెస్టర్ పెట్టాడు కాబట్టి బతికాడు. "లైను ఆపించే కదా ఎక్కాను, ఇదెక్కడి కరెంటు బాబూ" అంటూ కిందికి దిగి చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాడు, చేతిలో మంచినీళ్ళ గ్లాసు వణుకుతూనే ఉంది. బండి కరెంటైనా అంతే, లైనులోకి పోతే మనిషిని చంపేస్తుంది.

చివరగా గ్యాసు లెక్క. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉన్నా చేతికొచ్చేది సగం, 16 అనుకోండి. మిరాయ్ ట్యాంకుల్లో 5.6 కిలోలు పడుతుంది, బంకు దాకా తిరిగెళ్ళడానికి 2 కిలోలు ముట్టుకోకుండా ఉంచితే మిగిలింది 57 యూనిట్లు. రోజూ బోరు 3 గంటలు, కాస్త వెల్డింగు, చెట్ల కోత, రాత్రికి నాలుగు లైట్లు అంటే 15 యూనిట్లు, లెక్క ప్రకారం నాలుగు రోజులకి దగ్గర, కానీ బండి కంప్రెసరు, ఫ్యాన్లు కూడా తింటాయి, మూడు రోజులే అనుకుని పని పెట్టుకోండి. ఆపేటప్పుడు మిషన్లు ముందు, మెయిన్ తర్వాత, బండి ఆఖరున. ఆపాక కూడా లోపల నీళ్ళు ఊదుకుంటూ కాసేపు చప్పుడు చేస్తుంది, అది పూర్తయ్యాకే కేబుల్ చుట్టండి.