లండన్‌లో రోజ్ నాటకశాల తవ్వకాల సైట్ చూడాలంటే

లండన్ వెళ్ళినవాళ్ళు థేమ్స్ ఒడ్డున గుండ్రంగా ఉండే గ్లోబ్ థియేటర్ ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు, అది బాగుంటుంది, కానీ అది షేక్‌స్పియర్ కాలం నాటి పాత గ్లోబ్ నమూనాలో కట్టి 1997లో తెరిచిన కొత్త కట్టడం. ఆ కాలం నాటి అసలు నాటకశాల పునాదులు అక్కడికి కొద్ది నిమిషాల నడకలో పార్క్ స్ట్రీట్‌లో ఒక ఆఫీస్ బిల్డింగ్ కింద ఉన్నాయి, దాని పేరు రోజ్. 1587లో ఫిలిప్ హెన్స్‌లో అనే వ్యాపారి కట్టించాడు, పాత గ్లోబ్ కంటే 12 ఏళ్ళు ముందు.

ముందు ఒక పని చేయండి, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఓపెన్ డేస్ చూసుకోండి. రోజూ తెరిచి ఉండే మ్యూజియం కాదిది, మూసేసి ఉన్న రోజులే ఎక్కువ, అందుకే ఈ డేట్ ఖాయం చేసుకున్నాకే మిగతా ప్లాన్ వేసుకోండి.

వెళ్ళే వరుస కూడా ముఖ్యం. బ్లాక్‌ఫ్రయర్స్ స్టేషన్‌లోనో సదర్క్ స్టేషన్‌లోనో దిగి ముందు కొత్త గ్లోబ్ లోపలికి వెళ్ళి చూడండి, స్టేజ్ ఎక్కడ, జనం నిలబడే మధ్య ఖాళీ ఎక్కడ, చుట్టూ గ్యాలరీలు ఎలా ఉన్నాయి అన్నది కళ్ళకి బాగా పట్టించుకోండి. ఎందుకంటే రోజ్‌లో గోడలుండవు, స్తంభాలుండవు, చీకటిగా ఉన్న పెద్ద గొయ్యి, అందులో నీళ్ళు, కింద పునాదులు ఎక్కడున్నాయో చూపించే ఎర్ర లైట్ల గీతలు, అంతే. ఏం చూస్తున్నామో తెలీకుండా వెళ్తే ఇదేనా అనిపిస్తుంది, తెలిసి వెళ్తే మాత్రం అక్కడినుంచి కదలబుద్ధి కాదు.

ఆ నీళ్ళు ఎందుకంటే, 1989లో కొత్త బిల్డింగ్ కోసం తవ్వుతుంటే ఈ పునాదులు బయటపడ్డాయి, తడినేలలో ఉండబట్టే 400 ఏళ్ళు నిలిచాయి, ఆరిపోతే మట్టి బీటలు వారుతుంది. అందుకని పైన ఇసుక, కాంక్రీటు పరిచి నీళ్ళు నింపి ఉంచారు. అసలు ఆ పునాదులు మిగిలాయంటే జనం పోరాడబట్టే, జూడీ డెంచ్, ఇయాన్ మెకెల్లెన్ లాంటి నటులు కూడా వచ్చి నిలబడ్డారు, చివరికి బిల్డింగ్ డిజైన్ మార్చి కింద సైట్‌ని అలాగే వదిలేశారు.

లైట్ల గీతల్లో స్టేజ్ దగ్గర రెండు ఆకారాలు కనిపిస్తాయి, అవి జాగ్రత్తగా చూడండి. ఒకటి 1587 నాటిది, రెండోది 1592లో హాలు పెంచి స్టేజ్‌ని ఉత్తరం వైపు రెండు మీటర్ల దాకా వెనక్కి జరిపినప్పటిది. ఎక్కువమంది పట్టాలని వాళ్ళు చేసిన మార్పు మన కళ్ళముందే గీసినట్టు ఉంటుంది, నా దృష్టిలో సైట్ మొత్తానికీ ఇదే అసలు విశేషం. ఏది మొదటిది ఏది రెండోది అని అక్కడున్న వాలంటీర్లని అడగండి, ఇష్టంగా చెప్తారు.

దొరికిన వస్తువుల గురించి కూడా అడగండి. జనం నిలబడే నేలని బూడిద, హేజెల్‌నట్ పెంకులు కలిపి గట్టిగా చేశారు. పచ్చ రంగు పూత ఉన్న చిన్న మట్టి డిబ్బీల ముక్కలు కూడా దొరికాయి, నాటకం చూడటానికి వచ్చినవాళ్ళ దగ్గర వసూలు చేసిన డబ్బులు వేసుకునేవి, తీయాలంటే పగలగొట్టాల్సిందే. ఆ కలెక్షన్ లెక్కలు హెన్స్‌లో తన పద్దుల పుస్తకంలో రాసుకున్నాడు, అది ఇప్పటికీ డల్విచ్ కాలేజీలో ఉంది, ఏ నాటకానికి ఎంత వచ్చిందో మనకి తెలిసింది దానివల్లే. వీలైతే వెళ్ళేముందు అందులో రెండు పేజీలైనా నెట్‌లో చూడండి, షేక్‌స్పియర్ రాసిన టైటస్ ఆండ్రోనికస్ నాటకం ఇక్కడ ఆడినట్టు అందులోనే ఉంది.

లోపల హీటింగ్ ఉండదు, పైగా నీళ్ళు, ఎండాకాలమైనా జాకెట్ తీసుకెళ్ళండి. బాత్రూమ్ పని కొత్త గ్లోబ్‌లోనే చూసుకుని రండి.

బయటికొచ్చాక పార్క్ స్ట్రీట్‌లోనే తూర్పుకి నడవండి, సదర్క్ బ్రిడ్జ్ రోడ్డు కింద నుంచి దాటగానే పాత గ్లోబ్ ఉన్న చోటు వస్తుంది. నేల మీద వంపుగా గుర్తు వేసి బోర్డులు పెట్టారు, టికెట్ అక్కర్లేదు. అదే రోడ్డు పట్టుకుని వెళ్తే బరో మార్కెట్, ఆ పక్కనే లండన్ బ్రిడ్జ్ స్టేషన్.