పాలిటెక్నిక్ వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి?

పదో తరగతి తరవాత చేతికి పని నేర్పే చదువు కావాలంటే పాలిటెక్నిక్‌ను మించింది లేదు. మూడేళ్ల డిప్లొమాలో ఫ్యాక్టరీలోనో సైటులోనో శిక్షణ కూడా ఉంటుంది. పై చదువు కావాలనుకుంటే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రైల్వే జూనియర్ ఇంజినీర్ పోస్టుకూ డిప్లొమా సరిపోతుంది. ఇదంతా చాలామందికి తెలుసు. సీటు ఎలా కేటాయిస్తారో మాత్రం తెలీదు. ఏటా వేసవిలో మా వరండాలో కూర్చోబెట్టి పిల్లల చేత ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలు, బ్రాంచీల వరస, వెబ్‌సైట్‌లో పెట్టిస్తుంటాను. అందులో సగం మంది అప్పటికే నెట్ సెంటర్లో చెడగొట్టుకుని వచ్చినవాళ్లే.

ముందు పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష. 120 మార్కులు, పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. మైనస్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ర్యాంకు వచ్చాక ఫీజు కట్టి, మీకు వచ్చిన తేదీన సర్టిఫికెట్లు చూపించాలి. పదో తరగతి మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆదాయ పత్రం పాతదైతే ఇప్పుడే మీసేవకో సచివాలయానికో వెళ్లండి. ఈ పనికి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ఆప్షన్లు పెట్టేముందు కాలేజీలు చూసి రండి. ఫ్లెక్సీలు కాదు, వర్క్‌షాప్ చూడాలి. ఉదయం పదకొండింటికి చెప్పాపెట్టకుండా వెళ్లండి. లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) కింద ఇనప రజను, నేల మీద నూనె జిడ్డు కనిపించాలి. లేత్ తళతళలాడుతుంటే దాన్ని ఎవరూ వాడట్లేదన్నట్టే, ఆ కాలేజీ నా లిస్టులో ఉండదు. ప్రభుత్వ పాలిటెక్నిక్ భవనం పాతగా ఉందని ముఖం తిప్పుకునే తల్లిదండ్రులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లాడు నేర్చుకునేది గోడల దగ్గర కాదు కదా! బ్రాంచీల్లో ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ ముందు, తరవాతే కంప్యూటర్. అందరూ కంప్యూటర్ అంటున్నారని మీరూ అనకండి.

అన్నట్టు, హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో అచ్చులు, డైలు తయారుచేయడం నేర్పే నాలుగేళ్ల డిప్లొమా ఉంది. ప్లాస్టిక్ రంగానికి సీపెట్ అనే కేంద్ర సంస్థ ఉంది. ఈ రెండూ పాలిసెట్ కౌన్సెలింగ్‌లో కనిపించవు, వాటి ప్రవేశ పరీక్షలు వేరు. ఆ దరఖాస్తు తేదీలు దాటిపోయాక నన్ను అడిగి లాభం లేదు.

ఇక అసలు చిక్కు ఆప్షన్ల వరసలో ఉంది.

కంప్యూటర్ చేసే పని ఇది. మొదటి ర్యాంకు నుంచి ఒక్కొక్కరినే తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ లిస్టును పైనుంచి కిందికి చదువుతుంది. మీ కేటగిరీకి ఖాళీ ఉన్న మొదటి సీటు దొరగ్గానే ఇచ్చేసి ఆగిపోతుంది. దాని కింద మీరేం రాశారో చూడదు. అందుకే, ఎంత కోరుకుంటే అంత పైన పెట్టాలి. 'మన ర్యాంకుకి రాదులే' అని వచ్చేదాన్ని పైకి ఎక్కించకూడదు. రాని సీటు మొదట రాసినందువల్ల మీకు పోయేదేం లేదు. మీ మూడో ఆప్షన్‌ను ఇంకొకడు తన మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా, ఒకే కేటగిరీలో అతని ర్యాంకు మీ వెనక ఉంటే సీటు ముందు మీకే వస్తుంది.

మా చెల్లెలి కొడుక్కి ఇదే జరిగింది. వాడు కోరుకున్నది ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్. నెట్ సెంటర్ కుర్రాడు "రిస్కు వద్దండీ" అని ఒక ప్రైవేటు కాలేజీని మొదట పెట్టాడు. వచ్చింది అదే. వాడి కేటగిరీలోనే, వాడి కన్నా వెనక ర్యాంకు వచ్చిన క్లాస్‌మేట్‌కు ఆ ప్రభుత్వ సీటు దొరికింది. చెల్లెలు నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. కాబట్టి పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. కాలేజీ ఏజెంటుకు అస్సలు ఇవ్వకండి.

లిస్టు ముందు రూళ్ల నోటుబుక్కులో పెన్నుతో రాయాలి. ఫోన్లో నోట్ చేసుకుంటే కుదరదు. పోయినేటి ఆఖరి ర్యాంకులు చూసి 'మీకు ఇదే వస్తుంది' అని జోస్యం చెప్పే యాప్‌లు నాకు పడవు. అవి మీ ర్యాంకును చూస్తాయి, మీ ఇష్టాన్ని చూడవు. నోటుబుక్కులో కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ పక్కపక్కన రాయండి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ కోడ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్క అక్షరం తేడాతో మూడేళ్ల చదువు మారిపోతుంది. ఒకరు చదువుతుంటే ఇంకొకరు టైప్ చేయండి. ఐదారు ఆప్షన్లతో ఆపకండి, చేరడానికి ఒప్పుకునేవన్నీ పెట్టండి. చేరనిది ఒక్కటీ పెట్టకండి. సేవ్ చేసి, ప్రింట్ తీసి, నోటుబుక్కుతో మళ్లీ పోల్చి, ఆ తరవాతే ఆప్షన్లను ఖాయం చేసే ఫ్రీజ్ బటన్ నొక్కండి.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి. లేకపోతే సీటు పోతుంది. రెండో విడతలో ఇంకా మంచిది కావాలంటే, ఇప్పుడు చేతిలో ఉన్నదాని కన్నా నచ్చినవి మాత్రమే పెట్టండి. కొత్త సీటు వచ్చిన క్షణమే పాతది రద్దయి ఇంకొకరికి వెళ్తుంది. బతిమాలినా తిరిగి ఇవ్వరు.

సందేహముంటే గడువుకు రెండు రోజుల ముందు రండి. ఆఖరి రోజు రాత్రి సర్వర్ గిరగిర తిరుగుతున్నప్పుడు వస్తే నేను తలుపు తీయను.