మహబూబ్‌నగర్‌లో ఉమ్మడి ప్రార్థన కూడిక: నా అనుభవం

మహబూబ్‌నగర్‌లో మెన్నోనైట్ బ్రెదరెన్, కాథలిక్, పెంతెకొస్తు అనే మూడు క్రైస్తవ శాఖల విశ్వాసులను ఒకే కూడికలో కలపాలనుకున్నప్పుడు, ఇది కొత్త సంఘమై తమ సభ్యులను లాగేసుకుంటుందేమోనన్న అనుమానమే మొదట ఎదురైంది. అందుకే పాస్టరుగార్లనూ ఫాదరుగారినీ స్వయంగా కలిసి, ఆదివారం జోలికి రామనీ, కానుక పట్టమనీ, బాప్తిస్మం గురించి గానీ ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) గురించి గానీ చర్చ పెట్టమనీ మాట ఇచ్చాను.

అసలు చిక్కు ప్రార్థించే తీరులో వచ్చింది. కొందరు గొంతెత్తి మొరపెడతారు, కొందరికి మౌనమే ఆరాధన. ఇప్పుడు శనివారం సాయంత్రం ఒకరింట్లో చాపలు పరచుకొని, బైబిల్లోని 150 కీర్తనల్లో వరుసగా ఒకటి చదివి, కొంతసేపు మౌనంగా ఉండి, ఆ తరువాతే గొంతు విప్పుతాం.

మనవులను పేర్లు లేకుండా చీటీల మీద రాయించి స్టీలు గిన్నెలో వేయించడం అన్నిటికన్నా మేలు చేసింది. ఎవరికి ఏ చీటీ వచ్చినా, ఏ సంఘమని అడగకుండా ఆ వారమంతా దానికోసం ప్రార్థిస్తారు. జనవరి 18 నుండి 25 వరకు వచ్చే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారంలో రోజూ కూడాలని పెద్దలను అడుగుతున్నాం.